“మన రక్తం” అంకుల్

అమెరికాలో మా ఊరు ట్రాయ్‌లో ఏ సాకర్ మైదానానికి వెళ్ళినా ఆ అంకుల్ ఉండేవాడు. ఇండియా జట్టుకి ఇక్కడి పిల్లల్ని ఏరిపెట్టే బాధ్యత తన నెత్తిన తానే వేసుకున్నాడు. మన పోలికలున్న పిల్ల ఎవరైనా గోల్ కొడితే చాలు, “మన రక్తం!” అంటూ గుండె చరుచుకునేవాడు. ఆ చప్పుడుకి పార్కింగ్‌లో సగం కార్ల అలారాలు మోగేవి.

ఓ ఆదివారం నేను పక్కింట్లో భోజనానికి కూర్చుంటే ఊడిపడ్డాడు. ఆ ఇంటి అమ్మాయి కాలేజీ జట్టులో గోల్స్ కొడుతున్న రోజులవి. తల్లిది గుంటూరు, తండ్రిది జమైకా.

“ఇండియాకి ఆడు తల్లీ! అమెరికా పాస్‌పోర్ట్ వదిలేస్తే చాలు. నీది మన రక్తం!”

గ్లాసులు అదిరాయి. పిల్ల కళ్ళు మెరిశాయి.

“అమ్మా, ఐ విల్ డూ ఇట్!”

పాస్‌పోర్ట్‌తో పాటు ఇంకేం పోతాయో ఆ పిల్లకి తట్టనేలేదు. తెలుగు రాని తండ్రి, అతిథిని చూసి మర్యాదగా నవ్వుతున్నాడు. తల్లి మాత్రం నిదానంగా అన్నం వడ్డించింది.

“తినండి అంకుల్. మా పెళ్ళిలో తినకుండా వెళ్ళిపోయారుగా.”

“వై? ఎందుకు తినలేదు?” అంది పిల్ల.

“డాడీని చూసి, ‘ఈ రక్తం మనలో కలవదు’ అన్నారు.”

గుండె వైపు లేచిన అంకుల్ చెయ్యి సగంలో ఆగి, కంచం వైపు దిగింది.

“పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా? కాస్త కోడికూర వెయ్యి.”

గిన్నె పిల్ల అందుకుంది. కూర మొత్తం తండ్రి కంచంలో వంపేసింది.

అయినా అంకుల్ లేవలేదు. ఆ వట్టి అన్నమే మెతుకు మిగల్చకుండా తిన్నాడు.