మారిత్ వెళ్లిన మర్నాడు

సత్యలక్ష్మి ఆ రోజు అనకాపల్లి వీధుల్లో తిరగకుండా చేపల గంపను తిన్నగా బడి గేటు పక్కనే దించింది. మామూలుగా అయితే మధ్యాహ్నానికల్లా గంప ఖాళీ చేసి, వేళ్ల సందుల్లో చింతపండు రుద్ది నీచు వాసన పోగొట్టుకుని, ఈ ప్రత్యేక పిల్లల బడికి వచ్చి కొడుక్కి అన్నం తినిపించేది. ఎనిమిదేళ్ల కన్నబాబుకి మాటలు రావు. నీచు తగిలితే ముద్ద ఉమ్మేస్తాడు. ఈమధ్య ఆ పని నెదర్లాండ్స్ నుంచి సాయానికి వచ్చిన కాలేజీ పిల్ల మారిత్ చెంచాతో చేస్తూ వచ్చింది. నిన్న ఆమె, ఆమెతో వచ్చిన విద్యార్థులంతా తమ దేశం వెళ్లిపోయారు. నిరుడు వచ్చినవాళ్లు వెళ్లినప్పుడు వాడు రెండు రోజులు మెతుకు ముట్టకుండా గోడకు తల కొట్టుకున్నాడు. ఈసారీ అలాగే చేస్తాడేమోనని సత్యలక్ష్మి భయం.

అన్నం గంట కొట్టారు. సత్యలక్ష్మి చేతులు రుద్ది కడుక్కుని కిటికీ చాటున నిలబడింది. కన్నబాబు చాలాసేపు గేటువైపే చూశాడు. తర్వాత పళ్లెం దగ్గరికి లాక్కుని, తనే చెంచా పట్టుకున్నాడు. సగం పప్పన్నం చొక్కా మీద పడింది, సగం నోట్లోకి పోయింది.

“ఇదెప్పుడు నేర్సేడే?” అంది సత్యలక్ష్మి, ఆయా దీవెనమ్మతో.

“వారం నుంచీ ఆ పిల్ల ఆడి గుప్పిట్లోనే సెంచా పెట్టి తినిపించీది. నువ్వు సూడనేదు.”

“అయితే నా సేతికింక పని నేదేటి?”

“నేదు. ఎండెక్కిపోతంది, ఆ సేపలు కంపు కొట్టకముందే ఎల్లు!”

కన్నబాబు ఖాళీ పళ్లెం ముందుకు తోశాడు. దీవెనమ్మ ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది. సత్యలక్ష్మి గంప ఎత్తుకుని, చేపలు అమ్ముకోడానికి పక్క ఊరు కశింకోట వెళ్లే ఆటో ఎక్కింది.