నల్ల జీపు మీద ఎర్ర దుమ్ము

2015 డిసెంబరు. జగదల్‌పూర్‌లో ఊరి చివర మట్టిరోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. కార్లకు రంగులు వేసేవాణ్ణి. షెడ్డులో ఒక మూలను ప్లాస్టిక్ షీట్లతో చుట్టి, దాన్ని మేం గొప్పగా ‘బూత్’ అనుకునేవాళ్లం. స్ప్రే చేసేటప్పుడు దుమ్ము పడకుండా కట్టుకునే గది అన్నమాట. పెద్ద షోరూముల బూత్‌లకు ఫిల్టర్లుంటాయి. మాకు ఉన్నది ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యాన్.

సొట్టలు తీసే డెంటింగ్ పని బుధ్‌రామ్ చూసేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఇంట్లో హల్బీ, నాతో హిందీ, కోపం వస్తే నా దగ్గర నేర్చుకున్న తెలుగు. ఇప్పుడా షెడ్డు లేదు. బుధ్‌రామ్ పని మానేసి పొలం చూసుకుంటున్నాడు. ఎక్కడైనా రంగులో కలిపే థిన్నర్ వాసన తగిలితే మాత్రం అతని సుత్తి చప్పుడు నాకు వినపడుతుంది.

ఆ డిసెంబరులోనే ముత్తక్క వచ్చింది. తెలుగు సరిహద్దు దగ్గరి ఎర్రబోరు నుంచి జీపు తనే నడుపుకుంటూ వచ్చింది. ఆ జీపు ఆమె భర్తది. సంత రోజుల్లో జనాన్నీ, చింతపండు గంపలనూ ఎక్కించుకుని తిప్పేవాడు. వానాకాలంలో ఒక వంపు దగ్గర బోల్తా పడింది. జనం దెబ్బలతో బయటపడ్డారు గాని ఆయన కాలు నుజ్జయింది. ఇక క్లచ్ తొక్కలేడు. ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే ఈమె నడపడం నేర్చుకుంది.

ఎడమవైపు అంతా నొక్కుకుపోయి ఉంది. “పాతదే కదా అక్కా, ఈ ఒక్క పక్కకు రంగేస్తే చాలదా?” అన్నాను.

“చాలదు తమ్ముడూ. బండి మొత్తం నల్లగా నిగనిగలాడాలె. ఈ సొట్ట కనపడితే జనానికి ఆ రోజే యాదికొస్తది. ఆడమనిషి నడిపే బండి అని ఇప్పటికే ఎనకాముందాడుతున్నరు. మచ్చ ఉంటే ఒక్కరు ఎక్కరు.”

బుధ్‌రామ్ వారం రోజులు కష్టపడి రేకును చెయ్యి పెడితే తెలియనంత సాపు చేశాడు. తర్వాత నా వంతు. నలుపు మాయదారి రంగు. తెలుపు మీద దాగిపోయే లోపాలన్నీ దాని మీద కొట్టొచ్చినట్టు కనపడతాయి. బేస్ కోట్ రంగునిస్తుంది. దాని మీద వేసే క్లియర్ కోట్ మెరుపునిస్తుంది. రెండూ వేసి మర్నాడు షీటు తీసి చూస్తే, తలుపు నిండా ఎర్ర దుమ్ము గింజలు.

నీళ్లపేపరుతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, గీకేసి మళ్లీ వేశాను. ఈసారి రోడ్డువైపు గోనెపట్టాలు తడిపి కట్టాను. గాలిగన్‌తో బండంతా ఊదాను. పొడిగుడ్డ పెట్టి అద్దంలా తుడిచాను. అయినా మొదటిసారికంటే ఎక్కువ పడింది.

“అరే భాయ్, ఫిర్ వహీ!” అని బుధ్‌రామ్ తల పట్టుకున్నాడు. మళ్లీ అదేనా అని. అతను వారం పాటు చేసిన పని నా రంగు కింద పాడవుతోంది. నాకు మొహం చెల్లలేదు.

ముత్తక్క జగదల్‌పూర్‌లో చెల్లెలింట్లో ఉంటూ రోజూ పొద్దున్నే వచ్చేది. పనిచేసేటప్పుడు ఎవరైనా చూస్తూ నిలబడితే నాకు చిరాకు. వెళ్లమని రెండుసార్లు అన్నాను. ఆమె వెళ్లలేదు. అంతా రుద్దేసి మూడోసారి రంగు వేయడానికి తయారవుతూ బానెట్‌ను గబగబా తుడుస్తున్నాను. వేలు అంచుకు తగిలి చురుక్కుమంది. చెయ్యి విదిలించుకున్నాను.

“ఏందయ్యా, షాక్ కొట్టిందా?”

“ఏం లేదక్కా. చలికాలం కదా.”

“నాకూ తెలుసు చలికాలమని. మా చెల్లె సిలుకు చీర విప్పితే చిటచిటలాడి ఎంటికలన్నీ లేసి అంటుకుంటయి. నీ అంగీ కూడ గట్లనే చప్పుడు చేస్తుంది. నువ్వు తుడిచిన కాడికే దుమ్ము ఉరికొస్తుంది, చూడరాదూ!”

వంగి ఎండకు అడ్డంగా చూశాను. నిజమే. తుడిచిన చోటికే సన్నటి దుమ్ము వచ్చి వాలుతోంది. నేను వేసుకున్నది కొత్త పాలిస్టర్ యూనిఫాం. షోరూం మిస్త్రీలా కనపడాలని ముచ్చటపడి కుట్టించుకున్నది.

అప్పుడు గుర్తొచ్చింది. ఒకసారి రాయ్‌పూర్‌లో రంగుల కంపెనీ వాళ్లు పెట్టిన ట్రైనింగులో ‘స్టాటిక్’ గురించి చెప్పారు. పొడిగాలిలో గుడ్డతో రుద్దితే బండి మీద కరెంటు నిలిచిపోతుంది. టైర్లు రబ్బరు కాబట్టి నేలలోకి దిగదు. అది దుమ్మును లాక్కుంటుంది. ఆ రోజు నేను వెనక వరసలో కూర్చుని టీ ఎప్పుడిస్తారా అని చూశాను. థిన్నర్ ఆవిరి నిండిన గదిలోనైతే, వేలికి చురుక్కుమన్న ఆ చిన్న నిప్పురవ్వకే షెడ్డంతా అంటుకుపోయేది.

యూనిఫాం విప్పేసి పాత నూలుచొక్కా వేసుకున్నాను. బుధ్‌రామ్ బయట నేలలోకి ఇనుపకడ్డీ దిగగొట్టి తడిపాడు. దాని నుంచి రాగితీగ లాగి, రంగు గీకిన చోట చాసిస్‌కు, అంటే బండి చట్రానికి, బిగించాడు. ఇది ఎర్త్, బండి మీది కరెంటు నేలలోకి దిగిపోయే దారి. ప్లాస్టిక్ షీట్లను, నేలను నీళ్లతో కడిగాం. పొడిగుడ్డ పక్కనపెట్టి, క్లీనర్‌తో తడిపిన నూలుగుడ్డతో ఒకే వైపుకు నెమ్మదిగా తుడిచాను. చివర్లో ట్యాక్ క్లాత్, అంటే కాస్త జిగురున్న పలచని గుడ్డ, ఆనీ ఆనకుండా లాగి, గన్ పట్టాను.

మర్నాడు ముగ్గురం కలిసే షీటు తీశాం. ఒక్క దుమ్ము గింజ లేదు. ముత్తక్క తలుపు ముందు నిలబడి, అందులో తనను చూసుకుంటూ కొంగు సరిచేసుకుంది. బుధ్‌రామ్ మాత్రం మొహం అటు తిప్పుకుని తుమ్మినట్టు నటించాడు.

ఆమె పట్టుబట్టడంతో తర్వాతి సంత రోజుకు నేనూ బుధ్‌రామ్ ఎర్రబోరు వెళ్లాం. జనం గంపలు కింద పెట్టి జీపు చుట్టూ తిరిగారు. ఎక్కలేదు. గొల్లపల్లి వెళ్లాల్సిన ఒక ముసలాయన ఎడమవైపు తలుపును అరచేత్తో పైనుంచి కిందిదాకా తడిమాడు.

“యాడ తగిలిందే పిల్లా ఇది?”

“నువ్వే జూసి చెప్పు మామా.”

ఆయన మరోసారి తడిమి, “దొరుకుతలేదు” అంటూ ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ వెనకే గంపలు లేచాయి. ఆ పక్కనే మంచం వేసుకుని కాలు చాపుకుని కూర్చున్న ముత్తక్క భర్త, బండి కదిలి మలుపు తిరిగేదాకా గేర్లు మారుస్తున్నట్టు చెయ్యి ఆడిస్తూనే ఉన్నాడు.

స్టాటిక్ సంగతి ఏ ట్రైనింగులోనైనా నేర్చుకోవచ్చు. నాకు ఆ చలికాలం నేర్పింది వేరు. బండి యజమాని నా పక్కన నిలబడేది నన్ను అనుమానించి కాదు. ఆ బండి మీద ఆధారపడ్డ బతుకు వాళ్లది కాబట్టి, నాకు కనపడనిది వాళ్లకు కనపడుతుంది. ఆ తర్వాత నేనెవరినీ బయటికి వెళ్లమనలేదు. గన్ పట్టే ముందు “ఏమైనా కనపడుతోందా?” అని అడిగేవాణ్ణి.