గేటు దగ్గర తెరిచిన ఫోన్లు

మణికొండలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు నేను సెక్రటరీగా ఉన్న ఏడాది సెల్లార్‌లోంచి వరసగా సైకిళ్లు పోయాయి. తర్వాత మూడో అంతస్తులో ఒకావిడ బంగారు గొలుసు పోయింది. పోలీసులు వచ్చి, రాసుకుని, వెళ్లిపోయారు. ఇక మా వాట్సాప్ గ్రూపుకు పూనకం వచ్చింది. పనివాళ్లు ఇళ్ల లోపలి ఫొటోలు తీసి దొంగల ముఠాలకు పంపుతున్నారని ఎవరో ఎక్కడినుంచో వచ్చిన మెసేజ్ పెడితే, సాయంత్రానికల్లా అందరికీ అది నిజమైపోయింది. వంటకూ గిన్నెలకూ వచ్చే ఆడవాళ్లు ఇంటికి వెళ్లేటప్పుడు సంచులూ ఫోన్లూ గేటు దగ్గర తెరిచి చూపించాలని మీటింగులో తీర్మానించాం. రాజ్యాంగం వాళ్లకు వర్తించదా అని ఒక రిటైర్డ్ మాస్టారు అడిగారు. పరిస్థితి అలాంటిది, కొన్నాళ్లే కదా సార్ అని ఆయన నోరు మూయించింది నేనే.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ ముందు ఏడాది రాయదుర్గంలో మా ఆఫీసువాళ్లు మా సొంత ఫోన్లలో ఒక నిఘా యాప్ వేసుకోమంటే, గోప్యత ప్రాథమిక హక్కని హెచ్ఆర్‌కు రెండు పేజీల మెయిల్ రాసినవాణ్ని. క్యాంటీన్‌లో నలుగురూ భుజం తడితే పొంగిపోయాను. అలాంటి పెద్దమనిషిని, పనివాళ్ల చేత సంతకాలు పెట్టించే కాగితం తయారుచేయాల్సి వచ్చేసరికి మా కంపెనీ ల్యాప్‌టాప్ పాలసీ తెరిచాను. ఉద్యోగి అన్నచోట పనిమనిషి అని, ల్యాప్‌టాప్ అన్నచోట ఫోన్ అని మార్చి తెలుగులోకి దించాను. తనిఖీకి నా ఇష్టపూర్వకంగా అంగీకరిస్తున్నాను అనే వాక్యం కూడా అందులోదే. పావుగంటలో పని తేల్చేశానని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

మొదటి సంతకం మా ఇంట్లో వంట చేసే ఆమెది. ఆమెది శంకర్‌పల్లి దగ్గర ఏదో ఊరు. మా వెనక బస్తీలో కిరాయికి ఉండేది. ఐదేళ్లుగా మా ఇల్లు ఆమె చేతుల మీదే నడుస్తోంది. పేరు రాయడం తప్ప చదువు రాదు కాబట్టి కాగితం నేనే చదివి వినిపించాను. కొంగుకు చేతులు తుడుచుకుంటూ మొత్తం విన్నది.

"సంతకం పెట్టకుంటే పని ఉంటదా సార్?"

ఉండదన్నాను.

"మరి ఇష్టంతోని అని ఎందుకు రాసిన్రు?"

కాగితాల్లో మామూలుగా అలాగే రాస్తారని చెప్పాను. ఆమె తన పేరు ఒక్కో అక్షరం నిదానంగా దిద్దింది. నాకు ఆ క్షణంలో సిగ్గు వేయలేదు, చిరాకు వేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ చిరాకుకే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

తనిఖీ మొదలైంది. మధ్యాహ్నం పూట ఆడవాళ్లు ఫోన్లు తెరిచి పట్టుకుని గేటు దగ్గర వరసలో నిలబడేవాళ్లు. నా కారు వస్తే గార్డు వాళ్లను పక్కకు జరిపి నాకు సెల్యూట్ కొట్టేవాడు. ఒకరోజు ఒక పిల్ల పెళ్లిచూపుల ఫొటోలను అతను ఒక్కొక్కటీ జరిపి చూస్తుంటే, ఆ పిల్ల నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది. కారు అద్దం కూడా దించకుండా లోపలికి వచ్చేశాను.

నెల తిరిగాక గార్డు ఒక ఫోన్ పట్టుకుని కమిటీ గదికి వచ్చాడు. అది మా వంటామెది. ఆమె గుమ్మం బయటే నిలబడింది. మా ప్రెసిడెంట్ ఫోన్ బల్లమీద పెట్టి, ఆమె మిగతా పనివాళ్లకు పంపిన వాయిస్ మెసేజ్ గట్టిగా వేశాడు. "నెలకు రెండు ఐతారాలు సెలవడుగుదాం. అందరం ఒక్కదినమే అడగాలె. ఒక్కదాన్ని అడిగితే తీసేస్తరు." ఆ గొంతు రోజూ మా వంటింట్లో వినేదే. బయట నిలబడి ఆమె కూడా తన మాటలు తాను వింటోంది.

చూశారా, తనిఖీ ఎందుకు కావాలో అని ప్రెసిడెంట్ అన్నాడు. అందరూ తలలూపారు. ఆ వారమే సెల్లార్‌లో ఇంకో రెండు సైకిళ్లు పోయాయి. వాటి ఊసు ఎవరూ ఎత్తలేదు. సెలవు అడగడం దొంగతనం ఎలా అవుతుందని నేను అడగాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ఆదివారం పొద్దున మా ఇంట్లో దోసెలు ఎవరు పోస్తారన్న ఆలోచన అడ్డొచ్చింది. ఆమె గేటు పాస్ రద్దు చేయాలని అందరూ అంటే నేనూ చెయ్యెత్తాను. సెక్రటరీని కాబట్టి కాగితం నేనే రాశాను. కారణం ఏం రాయాలో కాసేపు తోచలేదు. చివరికి భద్రత దృష్ట్యా అని రాశాను.

మర్నాడు మిగిలిన జీతం తీసుకోవడానికి ఆమె మా ఇంటికి వచ్చి, ఆ కాగితం చూపించి, అందులో ఏముందో చదవమంది. చదివాను.

"దొంగ దొరికిండా సార్?"

లేదన్నాను.

"మరి గీ భద్రత ఏంది? నేనంటే మీకు భయమా?"

ఎత్తిపొడుపుగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఔనని చెబితే కనీసం అది నిజమయ్యేది. కమిటీ గదిలో కూర్చున్న ఏడుగురం ఆమె నోరు తెరిచి అడగకముందే ఆ రెండు ఆదివారాలకు బెదిరిపోయాం. అలాంటిదేం లేదమ్మా, కమిటీ నిర్ణయం అన్నాను. ఆమె కాగితం నాలుగు మడతలు వేసి సంచిలో పెట్టుకుని లిఫ్ట్ వైపు వెళ్లింది.

నేను బాల్కనీలోకి వచ్చి కిందికి చూశాను. గేటు దగ్గర గార్డు ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు, ఆమెను ఆపలేదు. ఆమే ఆగి, ఫోన్ తెరిచి అతని ముందు పట్టుకుని, అతను చూసేదాకా నిలబడింది.