ఇద్దరం గెలిచిన ఆట

ఆ రోజుల్లో నేను చాలా చిన్నదాన్ని. వయసు అరవై ఎనిమిది నిండిన మాట నిజమే గానీ, వీడియో గేములు మొదలుపెట్టి వారమే అయింది, ఆ లెక్కన పసిదాన్నే. పసివాళ్ళు ఎవరేం రాస్తే అది నమ్ముతారు. మా కోడలు నా ట్యాబ్‌లో కొనిపెట్టిన అష్టాచెమ్మా మీద "ఎంత దూరంలో ఉన్నా మీవాళ్ళతో కలిసి ఆడండి" అని రాసి ఉంది. నమ్మాను.

నేనుండేది తాడేపల్లిలో, మా చెల్లెలు అద్దంకిలో. ఆ ఏడు మిరపకాయలు ఆరబోసిన కల్లంలో జారి, తుంటి విరిగి మంచం పట్టింది. ఫోను చేస్తే "బానే ఉన్నాలే" అని పెట్టేసేది. (బాగున్నప్పుడు మా చెల్లెలు అంత పొట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు.) చిన్నప్పుడు అష్టాచెమ్మాకి కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేది కాదు. అందుకే ఆ ఆట దాని ఫోనులోనూ పెట్టించి, మంగళవారం మధ్యాహ్నం ఇద్దరం మొదలుపెట్టాం. గవ్వలు గలగలా దొర్లాయి, తలపాగాలు చుట్టుకున్న కాయలు నడిచాయి. నావి రెండు పండాయి. ఇంతలో తెర తెల్లబడి, "ఎదుటివారు ఆట విడిచి వెళ్ళిపోయారు. మీరే విజేత" అని వచ్చింది. మా ఇంట్లో ఆట మధ్యలో లేవడం విస్తరి ముందు నుంచి లేచినంత తప్పు. వెంటనే ఫోను చేశాను.

"ఏమే, ఓడిపోతున్నానని లేచిపోయావా?"

"నేను లేవగలిగితే నీతో ఈ ఆటెందుకు? నువ్వే పోయావు. నీకలవాటేగా."

"నాకా?"

"కాయ చస్తే చింతపిక్కలు విసిరికొట్టి పోయేదానివి. మరిచావా?"

బుధవారం మళ్ళీ అదే. గురువారం మూడోసారి తెర తెల్లబడ్డాక, "ఇంక నాకు ఫోను చెయ్యకు అక్కా" అంది. శుక్రవారం నిజంగానే తీయలేదు. నాకు అన్నం సయించలేదు. లెక్క తేలనిదే కదిలే మనిషిని కాను కనుక, దాని కోడలికి ఫోను చేసి, దాని ఆటలో ఏం రాసి ఉందో చదివించుకున్నాను. అందులోనూ మూడు గెలుపులే. ఆడినవి మూడు, గెలుపులు ఆరు, ఓడినవాళ్ళు లేరు. ఒకటో తరగతి పిల్ల ఇలా లెక్క వేస్తే వీపున ఒకటి పడేది. ఆ మాటే మా చెల్లెలికి చెప్పమన్నాను. తరువాత చెల్లెలే ఫోను అందుకుని, "అయితే దొంగ నువ్వు కాదన్నమాట" అంది.

ఆట తయారుచేసినవాళ్ళకి ఫోను చేశాను. ఒకబ్బాయి మర్యాదగానే పలికాడు.

"సర్వర్లు చాలడం లేదండి మేడమ్. రద్దీ ఎక్కువగా ఉంది."

"ఇంకో ఇద్దరిని పెట్టుకోవచ్చుగా నాయనా. హోటలు తెరిచాక సర్వర్లు లేరంటే ఎవరు ఊరుకుంటారు?"

(ఈ సర్వరు ఇడ్లీలు తెచ్చే మనిషి కాదని మా కోడలు తరువాత చెప్పింది. అయినా నా ప్రశ్నలో తప్పు కనపడలేదు.)

"ఇద్దరు కలిసి ఆడేది ఇంకా పూర్తికాలేదండి. అప్‌డేట్‌లో వస్తుంది. ఈలోగా కంప్యూటరుతో ఆడుకోండి."

"కంప్యూటరుకి తుంటి విరిగిందా నాయనా?"

మా వైపు రైతు మిరపకాయల టిక్కీ బస్తాలో పైన ఎర్రకాయలు పేర్చి అడుగున తెల్లబడ్డ తాలుకాయలు నింపితే, మిర్చి యార్డులో కొనేవాళ్ళు చెయ్యి దూర్చి లాగి మొహం మీదే చెబుతారు. "మీ ఇంటికెళ్ళాక ఎర్రబడతాయిలెండి" అంటే నవ్విపోతారు. వీళ్ళు మాత్రం సగం పండిన సరుకు అమ్మి, మిగతా సగం మన ఇంట్లో పండుతుందంటారు. పోనీ, పండలేదన్న ముక్క తెర మీద రాశారా? లేదు. మా చెల్లెలు లేచిపోయిందని రాశారు. నాకిప్పటికీ ఒళ్ళు మండేది అక్కడే.

శనివారం దాని కోడలు ఫోను స్పీకరులో పెట్టి మంచం మీద ఉంచింది. నేనిక్కడ పలక మీద గళ్ళు గీశాను, అది అక్కడ అట్ట మీద గీయించుకుంది. ఎవరి గవ్వలు వాళ్ళం వేసి, ఎంత పడిందో నోటితో చెప్పుకోవాలి.

"అష్టా" అంది.

"సరే."

"మళ్ళీ అష్టా. నీ కాయ చచ్చింది."

"నీ కోడల్ని చూడమను."

"అది పాలు కాస్తోంది. నా మాట చాలదా?"

నాలుగు గవ్వలూ ఒకేలా పడటం ఎంత అరుదో, వరుసగా రెండుసార్లంటే ఇంకెంత అరుదో నాకు తెలుసు. ఆ లెక్క నోటిదాకా వచ్చింది. అవతల అది తుంటి నొప్పికి "అబ్బా" అంటూనే నవ్వుతోంది. నా కాయ తీసి బయట పెట్టాను.

ఆ మధ్యాహ్నం ఓడిపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. అంత లెక్కల మనిషినై ఉండీ, వరుసగా పడ్డ రెండు అష్టాలనీ కిమ్మనకుండా నమ్మేశాను.