కింది గీత

గోవిందు కొబ్బరి చెట్టును కావలించుకున్నట్టు నిలబడి ముడి విప్పుతున్నాడు. టీవీ డిష్షును చెట్టుకు వలతాడుతో కట్టారు. ఉప్పుగాలికి తడిసీ ఎండీ ఆ ముడి రాయిలా బిగుసుకుపోయింది. అతని కుడిచేతికి చివరి రెండు వేళ్లూ లేవు. ఎడమ చేత్తో తాడు లాగి పట్టుకుని, కుడి బొటనవేలితో ముడిని కొంచెం కొంచెంగా వదులు చేస్తున్నాడు. కోసేస్తే చిటికెలో అయిపోతుంది. కానీ వలతాడును ఊరికే కోయడానికి ఆ ఊళ్లో పుట్టినవాడికి చెయ్యి రాదు.

"కోసి పారెయ్యరా గోవిందూ, వార్తల టైము అయిపోతంది!" గుమ్మంలోంచి లక్ష్మణమ్మ కేకేసింది.

"ఈ ముడి ఎవడేసినాడు పిన్నీ?"

"ఇంకెవడు, నీ నేస్తుడే. మా రాముడు."

"ఆడికి పడవ కట్టడం వొచ్చు గానీ డిష్షు కట్టడం రాదు."

"రానీ ఇంటికి, ఆ మాట ఆడితోనే సెప్పు," అని ఆమె నవ్వింది.

వాళ్లది తాటాకిల్లు. ఇంటి పైన డిష్షు నిలవదు, నేలమీద పెడితే మేకలు రాసుకుపోతాయి. అందుకని రాముడు చెట్టుకు కట్టాడు. గట్టిగా కట్టినది కదలదని బెస్తవాడి నమ్మకం. ఆ తీరంలో సగం ఇళ్లలో ఇదే తప్పు కనిపిస్తుంది. ముడి కదలదు, చెట్టు కదులుతుంది. గాలి లేని రోజుల్లో బొమ్మ బాగానే ఉంటుంది. తుఫాను వార్త చూడాల్సిన రోజున తెర ముక్కలు ముక్కలైపోతుంది.

రాముడు గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్లాడు. అక్కడి తుఫానులో అతనెక్కిన పడవ విరిగిందని రెండు రోజులుగా ఊరంతా అనుకుంటోంది. మనుషుల్ని ఇంకో పడవ వాళ్లు కాపాడి ఒడ్డుకు చేర్చారని, సాయంత్రం వార్తల్లో చూపిస్తారని ఆ రోజు చేపల బజారులో ఎవరో చెప్పారు. లక్ష్మణమ్మ అమ్మకం సగంలో వదిలేసి, తట్ట నెత్తిన పెట్టుకుని నేరుగా గోవిందు ఇంటికి వెళ్లి అతన్ని పిలుచుకొచ్చింది.

గోవిందు కూడా ఒకప్పుడు వేరావల్ వెళ్లినవాడే. పడవలో వల లాగే వించి యంత్రం తాడు చేతిని లాక్కున్నప్పుడు వేళ్లు పోయాయి. వల లాగలేని చేత్తో ఇంటికొచ్చి, శ్రీకాకుళంలో ఒక టీవీల కొట్టులో డిష్షులు మోసే పనికి కుదిరాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాడైన సెట్‌టాప్ డబ్బాలు అడిగి తెచ్చుకుని విప్పేవాడు, మళ్లీ బిగించేవాడు. ఒక్క స్క్రూ మిగిలినా అది ఎక్కడిదో తేలేదాకా అన్నం ముట్టేవాడు కాదు. కేబుల్ ఖర్చు పెరిగి జనం ఉచిత చానెళ్ల డిష్షుకు మారిన 2019లో అతనికి చేతినిండా పని దొరికింది. బొమ్మ రాగానే సంచి సర్దుకునే రకం కాదు. డిష్షు బిగించిన గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపుతాడు. బొమ్మ చెదిరితే మళ్లీ మొదటికొస్తాడు.

పెరట్లో పాత బోరింగు ఉంది. నీళ్లు ఉప్పబారాక దాని చెయ్యి ఎవరో పట్టుకుపోయారు. సిమెంటు దిమ్మలో ఇనుప గొట్టం మాత్రం నిటారుగా మిగిలింది. గోవిందు దాన్ని కాలితో తన్ని చూశాడు. కదల్లేదు. డిష్షును దానికి బిగించి, ముఖం సముద్రం వైపు, కొంచెం దక్షిణానికి తిప్పాడు.

"పిన్నీ, తెరమీద రెండు సిగ్నలు గీతలున్నాయి. పైది వొగ్గేయ్. డిష్షు ఇసకలో బోర్లా పడున్నా అది నిండుగానే ఉంటాది. కింది గీత సూసి సెప్పు, అది నిండితేనే బొమ్మొస్తాది."

"ఏటీ నేదురా... ఆఁ, ఎక్కతంది. ఎక్కతంది! అయ్యో, దిగిపోతంది, ఎనక్కి తిప్పు!" పోటు మీదున్న నీటిని చూసి చెప్పినట్టు చెబుతోందామె.

రాముడి భార్య తులసి మంచినీళ్ల చెంబుతో పెరట్లోకి వచ్చింది. చెంబు ఇవ్వకుండా నిలబడిపోయింది.

"బావా, ఈ పూటకి బొమ్మ రాకుండా సెయ్యి."

"ఏటే?"

"పొద్దున్న మా తమ్ముడు జగన్నాధం ఫోన్ సేసినాడు. ఆడూ అదే పడవలో ఉన్నాడు కదా. ఆడు ఒడ్డుకి సేరినాడు. ఈయన సేరనేదు. ఆడి కళ్ల ముందరే మునిగిపోనాడంట." ఏడవకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "అత్తకి తెల్దు."

"ఎక్కిందిరా! నిండిపోనాది! ఇంక ముట్టుకోకు!" లోపల్నుంచి లక్ష్మణమ్మ అరిచింది.

గోవిందు చెయ్యి డిష్షు అంచుమీదే ఉంది. వేలెడు తిప్పితే చాలు, ఆ గీత పడిపోతుంది. చెయ్యి తీసేశాడు.

"తిప్పడానికి ఎంతసేపు తులసీ? ఇక్కడ రాకపోతే పక్కింటి తవిటమ్మ కాడికెల్లి సూస్తాది. నలుగురి మద్దెన కూకుని ఆ మొకాల్లో కొడుకుని ఎతుక్కుంటాది."

"నా నోటితో ఎలాగ సెప్పను బావా?"

"నాకూ సేతకాదు. గానీ టీవీ సెప్పకూడదు." అతను బోల్టు వైపు చూస్తూ అన్నాడు. "వార్తలకి ఇంకా టైముంది. ఈ తీగ మార్చాల, బోల్టులు బిగించాల. అందాకా బొమ్మ పెట్టను. ఎల్లి సెప్పు."

తులసి వెళ్లింది. చెంబు దిమ్మమీదే ఉండిపోయింది.

గోవిందు పచ్చగా చిలుం పట్టిన తీగ కొస కత్తిరించాడు. తోలు వలిచాడు, కొత్త మూతి బిగించాడు. నీరు దిగకుండా దానికి రబ్బరు టేపు చుట్టాడు. వాన నీరు తీగ వెంట డబ్బాలోకి పోకుండా కింద ఒక వంపు వదిలాడు. రోజూ చేసే పనే. ఆ రోజు ప్రతి చుట్టూ రెండుసార్లు నొక్కాడు.

లోపల కేకలు ఆగిపోయాయి. ఏడుపు కూడా వినపడలేదు. అతను ఒక్కొక్క బోల్టే బిగిస్తూ పోయాడు. బిగిస్తుంటే డిష్షు వెంట్రుకవాసి జరుగుతుంది, గీత పడుతుంది. చూసి చెప్పేవాళ్లు లేరు. లోపలికెళ్లి చూసుకోవచ్చు. వెళ్లలేదు.

చాలాసేపటికి లక్ష్మణమ్మ గొంతు వచ్చింది. అరుపు కాదు.

"గోవిందూ. కిందిది సగానికి పోనాదిరా. బిగించినప్పుడు కదిలిపోనాది. సరిగ్గా పెట్టు."

అతను పెట్టాడు. ఆమె చెప్పింది. మళ్లీ జరిపాడు. "ఆఁ. ఉండనీ," అంది.

లోపలికి వెళ్లేసరికి ఆమె నేలమీద కూర్చుని ఉంది. తులసి తల ఆమె ఒడిలో ఉంది.

"బొమ్మెయ్యి."

"ఇప్పుడెందుకు పిన్నీ..."

"మిగతావోళ్లు బతికొచ్చినారు కదా, సూడొద్దేటి? దీని తమ్ముడెలాగున్నాడో దీనికి సూపించాల."

గోవిందు చానెళ్లు వెతికి తెలుగు వార్తలొచ్చేది పెట్టాడు. బయటికెళ్లి గొంతెత్తి అడగకుండానే గొట్టాన్ని రెండు చేతులా ఊపి, గుమ్మంలోంచి తెర చూశాడు. బొమ్మ చెదరలేదు. తిరిగొచ్చి రిమోటును లక్ష్మణమ్మ చేతిలో పెట్టి, ఆమె వేలు పట్టుకుని చూపించాడు.

"ఇది నొక్కితే గొంతు పెరుగుతాది. ఇది తగ్గిస్తాది. గాలేసినా ఇంక కదలదు పిన్నీ."

ఆమె తలూపింది. తగ్గించే బొత్తాం మీద వేలు ఉంచుకుని తెర వైపు తిరిగింది. గోవిందు రెంచీ సంచిలో వేసుకున్నాడు.