చిన్నమ్మ ఆకుపచ్చ గాజులు

మొన్న తెల్లవారి చిన్నాయన ఫోన్ చేశాడు. "మీ చిన్నమ్మ లేయలేదప్పా" అన్నాడు. రాత్రి నిద్రలోనే పోయింది. ధర్మపురి నుంచి మొదటి బస్సుకు వాళ్ల ఊరు మహేంద్రమంగళం బయలుదేరాను. దారి పొడుగునా మంచు. మామిడి తోటలు ఉండీ లేనట్టు కనబడ్డాయి. ఒకప్పుడు చిన్నమ్మకు లోకం ఇలాగే ఉండేదేమో అనుకున్నాను.

పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమెకు నెల తప్పింది. రొమ్ముల్లో పాలు కూడా పడ్డాయి. ఇంట్లో అందరూ అడుగుల చప్పుడు కాకుండా నడవడం మొదలుపెట్టారు. ఇన్నాళ్లకు నిలిచిన కడుపు, దిష్టి తగులుతుందని ఆస్పత్రికి కూడా పంపలేదు. పాలు పడినాక ఇంకేమి చూపించాల అన్నది ఆమె అత్త. కడుపుతో ఉన్నవాళ్లకు మా ఇళ్లలో గాజులు వేస్తారు. ఆ వేడుకకని ఆకుపచ్చ గాజులు కొని, పసుపు గుడ్డలో మూటకట్టి దేవుని గూట్లో పెట్టారు.

చిన్నమ్మ మాత్రం తలనొప్పి అంటుండేది. పక్కన నిలబడినవాళ్లు ఆమెకు కనబడేవారు కాదు. రాగులు చెరుగుతుంటే గింజలు చేట అంచు దాటి పోయేవి. బిడ్డ వస్తానే మేము కనబడమాయెనా అని ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు. "ముందరికొచ్చి నిలబడు తల్లీ, చూస్తాను" అని నవ్వేది.

ఒకనాడు వాకిట్లో కట్టేసిన ఆవును గుద్దుకుని పడింది. అప్పుడు సేలం తీసుకుపోయాం. స్కాన్ చూసిన డాక్టరు నిదానంగా చెప్పాడు. మెదడు అడుగున పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుందట. అందులో నీటితిత్తి పెరిగింది. కేన్సర్ కాదు. కానీ అది గ్రంథిని నొక్కడం వల్లే నెల ఆగింది, పాలు పడ్డాయి. కంటి నరాలను నొక్కడం వల్ల పక్కచూపు పోయింది.

"అయితే బిడ్డ లేదా సార్?" అని చిన్నమ్మ అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. తర్వాత నాతో అన్నది: "తలలో నొస్తా ఉంటే, నేను కడుపు పట్టుకొని ఉంటిని నాయనా."

ముక్కు గుండా ఆపరేషన్ చేసి నీళ్లు తీశారు. నొప్పి తగ్గింది. పక్కచూపు కొంతే తిరిగి వచ్చింది. ఇంటికి చేరగానే అత్త ఆ మూట దాచబోయింది. చిన్నమ్మ చేతులు చాపింది. "కొన్నవి కొన్నారు, వేయత్తా." అత్త ఏడుస్తూనే వేసింది.

ఆ తర్వాత ఆ చేతులు ఎప్పుడూ బోసిగా లేవు. పక్కకు చాచిన చెయ్యి కనబడకపోయినా, చప్పుడును బట్టి ఎక్కడుందో తెలుస్తుందనేది. మాకూ ఆమె అలాగే తెలిసేది. పొద్దున్నే రాగుల చేలో, మంచులో, మనిషి కనబడక ముందే గాజులు వినబడేవి.

చుట్టాల ఇళ్లలో ఎవరికి గాజులు వేయాలన్నా ఆమెను పిలిచేవారు. ఆస్పత్రిలో చూపించుకున్నావా అని అడిగి గానీ వేసేది కాదు. నా భార్యనూ అడిగింది. పోయి చూపిస్తే రక్తపోటు బయటపడింది. ఈరోజు మా ఇంట్లో తల్లీబిడ్డా తిరుగుతున్నారంటే అది ఆ ప్రశ్న చలవే.

నేను చేరేసరికి ఆమెకు కొత్త ఆకుపచ్చ గాజులు వేసి ఉన్నారు. పాడె ఎత్తినప్పుడు చెయ్యి కొంచెం జారింది. గాజులు ఒకసారి మోగాయి. ముందు నడుస్తున్న చిన్నాయన, పిలిచినట్టే, పక్కకు తిరిగి చూశాడు.