దానమ్మ గ్లాసు

పొద్దున్నే చేపల గంప నెత్తికెత్తుకునే ముందు దానమ్మ సముద్రం వైపు తిరిగి గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకునేది. తరవాత చిన్న స్టీలు గ్లాసొకటి బొడ్లో దోపుకునేది. నలభై ఏళ్లుగా ఈ రెండూ తప్పలేదు.

ఊళ్లో ఆమె మొదట ఆగే గడప ఈశ్వరమ్మది. చల్లని మనసు ఆవిడది. దానమ్మ మోకాలి నొప్పి సంగతి అడగనిదే బేరం మొదలెట్టదు. చెంబుతో కుండనీళ్లు తెచ్చి దానమ్మ గ్లాసులో ఎత్తి పోస్తుంది, చెంబు గ్లాసుకి తగలకుండా.

ఆ రోజు రామమందిరం మెట్ల మీద అనూరాధ కాగితాలు పట్టుకుని కూర్చుంది. శ్రీకాకుళం కాలేజీ పిల్ల, అక్కడి హాస్టల్లోనే ఉంటోంది. వివక్షను కొలిచే సర్వే చేస్తోంది. దానమ్మ మనవరాలు దేవి రేపు ఆ హాస్టల్లోనే చేరుతోంది. అందుకే పిలవగానే దానమ్మ గంప దించింది.

"ఏ ఇంట్లోనైనా నీకు గ్లాసు ఇవ్వం అన్నారా, మామ్మా?"

"లేదమ్మా. అబద్ధమాడితే కళ్లు పోతాయి."

టిక్కు పెట్టబోయిన అనూరాధ చూపు బొడ్లోని గ్లాసు మీద పడింది. "నీది నువ్వే తెచ్చుకుంటావా?"

"మరేటి? అడిగి లేదనిపించుకోడం దేనికి?"

"ఇందాక ఇటు వెళ్లిన కూరల బుల్లమ్మ కూడా నీలాగే ఎండన పడొస్తుందిగా, ఆమెకి నీళ్లు దేంతో ఇస్తారు?"

"దానికేటమ్మా, మారాణి! ఇంట్లో గ్లాసుతోనే." దానమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"అడిగితే చాలామంది లేదనే అంటారంటారు మా సారు. ఒకే పని మీద వచ్చే ఇద్దరికి ఎలా జరుగుతోందో పక్కపక్కన పెట్టి చూడాలట. తేడా ఉంటే, వివక్ష అక్కడే ఉన్నట్టు."

"ఈశ్వరమ్మ పేరు రాయకే తల్లీ. మోకాలికి నూనె కాచి ఇచ్చింది."

"పేర్లు రాయం మామ్మా."

దానమ్మ గ్లాసు తీసి ఒళ్లో పెట్టుకుంది. కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారు చేతిలో పెడితే, ఎందుకని తను అడగలేదు. నిన్న దేవి అడిగింది: "హాస్టల్లో గ్లాసులుండవా మామ్మా?" "నీది నీకుండాల" అని కొత్తదొకటి బ్యాగులో తనే సర్దింది.

దానమ్మ అనూరాధ దగ్గరికి జరిగింది.

"నాకో సాయం సెయ్యమ్మా. మా మనవరాలు దేవి రేపు మీ హాస్టల్లో సేరతాది, దాని బ్యాగులో నాను పెట్టిన గ్లాసున్నాది. నాను తీస్తే ఎందుకని అడుగుతాది, సెప్పలేను. అక్కడికొచ్చినాక నువ్వు తీసెయ్యి. మొదటి పూట దాన్ని పక్కన కూకోబెట్టుకుని, నీ గ్లాసుతోటి నీళ్లియ్యి."